కలెక్షన్లు వచ్చినా నష్టమే: భారీ సినిమాలు మునిగేది ఎక్కడ?

1963లో అమెరికాలో అన్నిటికంటే ఎక్కువ వసూలు చేసిన సినిమా ‘క్లియోపాత్రా’. ఏడాది మొత్తానికి నంబర్ వన్. అయినా ఆ సినిమా తీసిన ట్వంటియత్ సెంచరీ ఫాక్స్ సంస్థ దాదాపు దివాలా అంచుకు వెళ్లింది. జనం రాక కాదు, జనం వచ్చారు. వచ్చిన జనం సరిపోలేదు. మొదట అనుకున్న బడ్జెట్ 20 లక్షల డాలర్లు, చివరికి అన్నీ కలిపి తేలిన లెక్క 4.4 కోట్ల డాలర్లు. ఆ రోజుల్లో అంత డబ్బు థియేటర్ల నుంచి వెనక్కి రావడం అసాధ్యమనే చెప్పాలి.

భారీ సినిమా పోయిందనగానే అందరి నోటా వచ్చే మాట ‘కథ లేదు’. కథ లేకపోవడం నిజమే కావచ్చు, చాలాసార్లు నిజం కూడా. కానీ కథ లేని సినిమాలు లాభాలు తెచ్చుకున్న సందర్భాలు కోకొల్లలు, మంచి కథ ఉన్నవి నిండా మునిగిన సందర్భాలూ ఉన్నాయి. కాబట్టి ‘సినిమా బాగుందా లేదా’ అన్న ప్రశ్న ఒక్కటే పట్టుకుంటే నష్టం ఎందుకొచ్చిందో అర్థం కాదు. ఎంతకు తీశారు, ఏ తేదీకి కట్టుబడి తీశారు అనే రెండు ప్రశ్నలు వేస్తే చాలావరకు జవాబు దొరుకుతుంది, అదీ సినిమా విడుదలకు చాలా ముందే దొరుకుతుంది.

ముందు లెక్క చూద్దాం, ఎందుకంటే పోస్టర్ మీద కనిపించే అంకెకీ నిర్మాత చేతికి వచ్చే అంకెకీ చాలా దూరం ఉంటుంది. పోస్టర్ మీద వేసేది గ్రాస్, అంటే ప్రేక్షకుడు టికెట్‌కి కట్టిన మొత్తం. అందులోంచి థియేటర్ వాటా పోవాలి, పన్ను ఉన్నచోట పన్ను పోవాలి, పంపిణీ కమీషన్ పోవాలి, ఆ మిగిలిందే షేర్. హాలీవుడ్ పెద్ద సినిమాలకు సొంత దేశంలో ఇది సుమారు సగం ఉంటుంది, బయటి దేశాల్లో ఇంకా తక్కువ. చైనాలో అయితే కోటా కింద విడుదలయ్యే విదేశీ సినిమాకు దక్కేది 25 శాతమే. పైగా చాలాచోట్ల మొదటి వారాల్లో పంపిణీదారుకు ఎక్కువ శాతం, తర్వాత్తర్వాత థియేటర్‌కు ఎక్కువ శాతం పోయేలా ఒప్పందాలుంటాయి.

ఇప్పుడు ఒక సినిమాకు 20 కోట్ల డాలర్లు ఖర్చయిందనుకుందాం. అది తీయడానికి అయిన ఖర్చు మాత్రమే. అంత పెద్ద సినిమాను ప్రపంచమంతా విడుదల చేయాలంటే ప్రచారానికి ఇంకో 10 కోట్ల డాలర్ల దాకా పోతుంది, ఈ పది సాధారణంగా బడ్జెట్ అని చెప్పే అంకెలో ఉండదు. మొత్తం 30. షేర్ సగం లెక్కేసుకున్నా థియేటర్ల నుంచే ఆ డబ్బు రావాలంటే గ్రాస్ 60 కోట్లు దాటాలి. అదే సినిమా 40 కోట్లు వసూలు చేసిందనుకోండి, వార్తల్లో ‘బడ్జెట్‌కు రెట్టింపు’ అని వస్తుంది, అభిమానులు పండగ చేసుకుంటారు, లోపల మాత్రం 10 కోట్ల డాలర్ల లోటు ఉంటుంది. టీవీ, డిజిటల్, ఆడియో హక్కులు ఆ లోటులో కొంత పూడుస్తాయి. 1995లో వచ్చిన ‘వాటర్‌వరల్డ్’ దీనికి మంచి ఉదాహరణ. సముద్రం మీద సెట్లు వేసి తీసిన ఆ సినిమాకు 17.5 కోట్ల డాలర్లు అయ్యాయి, ప్రపంచవ్యాప్తంగా 26 కోట్లు వసూలైంది. బయటినుంచి చూస్తే లాభమే. థియేటర్ల వరకు అది నష్టం.

ధర అన్నది ఎంత పెద్ద సంగతో చూపించడానికి ‘జోకర్’ రెండు భాగాలను పక్కపక్కన పెట్టి చూడాలి. 2019లో మొదటి భాగాన్ని 7 కోట్ల డాలర్లలోపే తీశారు, అది 100 కోట్లు దాటింది. అయిదేళ్లకు రెండో భాగం వచ్చింది, దానికి పెట్టింది దాదాపు 20 కోట్లు. అదే హీరో, అదే దర్శకుడు, ఈసారి పాటలతో నడిచే సినిమా. మొదటి భాగం చూసి మెచ్చుకున్నవాళ్లు కోరుకున్నది అది కాదు, మొదటి రోజే టాక్ పోయింది, అమెరికాలో రెండో వారాంతానికి వసూళ్లు 80 శాతానికి పైగా పడిపోయాయి. ప్రపంచమంతా కలిపి వచ్చిన గ్రాస్ 20 కోట్ల పైచిలుకు. దర్శకుడు ప్రయోగం చేయడంలో తప్పేమీ లేదు, ప్రయోగాలు చేయకపోతే సినిమా ఎదగదు. కానీ ప్రయోగానికి ప్రయోగం ఖర్చు ఉండాలి. అందరికీ నచ్చదని ముందే తెలిసే అవకాశమున్న సినిమాకు అందరూ చూస్తేనే గట్టెక్కే బడ్జెట్ ఇచ్చారు. మొదటి భాగం ఖర్చులోనే తీసి ఉంటే ఇదే సినిమాకు, ఇదే టాక్‌కు, గాయం చాలా చిన్నదై ఉండేది.

హిట్ తర్వాత ఖర్చు ఎందుకు పెరుగుతుందో ఊహించడం కష్టం కాదు. పారితోషికాలు పెరుగుతాయి, ‘ఈసారి ఇంకా పెద్దగా’ అన్న మాట గదిలో అందరి నోటా నడుస్తుంది, వద్దని చెప్పగలిగినవాళ్లు మొహమాటపడతారు. హిట్ ఇచ్చిన మనిషికి ఎదురు చెప్పడం ఏ పరిశ్రమలోనైనా కష్టమే, సినిమాలో మరీ కష్టం. 1980లో ‘హెవెన్స్ గేట్’ విషయంలో జరిగింది అదే. అంతకుముందు సినిమాకు ఆస్కార్ అందుకున్న దర్శకుడు, సుమారు 1.1 కోట్ల డాలర్లతో మొదలైన సినిమా, ముగిసేసరికి 4.4 కోట్లు. అమెరికాలో వచ్చింది 35 లక్షల డాలర్ల దాకా. ఆ మరుసటి ఏడాదే, ఆ సినిమా తీసిన యునైటెడ్ ఆర్టిస్ట్స్ సంస్థను దాని యజమానులు ఎంజీఎం అనే మరో స్టూడియోకు అమ్మేశారు.

ఖర్చు తడిసి మోపెడయ్యే తీరు దగ్గరగా చూడాలంటే మళ్లీ ‘క్లియోపాత్రా’ దగ్గరికే పోవాలి. 1960లో ఇంగ్లాండ్‌లో షూటింగ్ మొదలుపెట్టారు. ఈజిప్టు రాజధానిని లండన్ పక్కన ఉన్న పైన్‌వుడ్ స్టూడియోలో కట్టారు, అక్కడి చలిలో, వానలో. హీరోయిన్ ఎలిజబెత్ టేలర్‌కు తీవ్రంగా జబ్బు చేసింది, 1961 మార్చిలో ప్రాణాపాయం నుంచి బయటపడింది. దర్శకుడు మారాడు. అప్పటిదాకా 70 లక్షల డాలర్లు ఖర్చయ్యాయి, చేతిలో ఉన్న పనికొచ్చే సినిమా పది నిమిషాలు. అక్కడి సెట్లు అక్కడే వదిలేసి రోమ్‌లో అన్నీ మళ్లీ కట్టారు. కొత్త దర్శకుడు మాంకివిచ్ పగలు షూటింగ్ చేసి రాత్రి స్క్రిప్టు రాసుకునేవాడు, అంటే వందలమంది జీతాలు నడుస్తుండగా రేపు తీయాల్సిన సీన్ ఇంకా కాగితం మీద లేదు.

ఆ ఒక్క వివరం దగ్గర ఆగాలి. పెద్ద సినిమాల్లో డబ్బు కాలిపోయేది ఎక్కువగా ఇక్కడే. పూర్తి స్క్రిప్టు లేకుండా సెట్‌కు వెళ్లడం అంటే ఆలోచించుకోవడానికి అత్యంత ఖరీదైన చోటు ఎంచుకోవడం. గదిలో కూర్చుని ఒక సీన్ తీసేస్తే పోయేది కాగితం. సెట్ వేసి, జూనియర్ ఆర్టిస్టులను పిలిచి, కెమెరాలు అద్దెకు తెచ్చి తీసిన సీన్‌ను ఎడిటింగ్‌లో తీసేస్తే పోయేది లక్షలు, కోట్లు. తెర మీద కనపడని ఖర్చు ప్రతి పెద్ద సినిమాలోనూ ఉంటుంది, ఫ్లాపుల్లో అది భయంకరంగా ఉంటుంది. ప్రేక్షకుడు ‘ఇన్ని కోట్లు పెట్టారట, ఎక్కడ కనిపించాయి?’ అని అడిగితే ఆ అనుమానం అక్షరాలా సరైనదే.

మరి స్క్రిప్టు పూర్తయ్యాకే ఎందుకు మొదలుపెట్టరు? తేదీ వల్ల. పెద్ద సంస్థలు ఫలానా పండగ సీజన్, ఫలానా వేసవి వారాంతం అని రెండు మూడేళ్ల ముందే విడుదల తేదీ ప్రకటిస్తాయి. పిల్లల ఆటబొమ్మల కంపెనీలు, ప్రకటనల భాగస్వాములు, థియేటర్లు, పెట్టుబడిదారులు అందరూ ఆ తేదీ మీద ఒప్పందాలు చేసుకుంటారు. హీరో డేట్లు ఆ తేదీని బట్టే దొరుకుతాయి. ఇక కథ ఎప్పటికి కుదిరినా సినిమా మాత్రం ఆ రోజుకు రావాలి. 2018లో వచ్చిన స్టార్ వార్స్ వరుస సినిమా ‘సోలో’కు షూటింగ్ చాలావరకు అయ్యాక, 2017 జూన్‌లో ఇద్దరు దర్శకులను తప్పించి రాన్ హోవర్డ్‌ను తెచ్చారు, సినిమాలో ఎక్కువ భాగం మళ్లీ తీశారు. ఒకే సినిమాకు దాదాపు రెండు సినిమాల ఖర్చు, 25 కోట్ల డాలర్ల పైనే. తేదీ మాత్రం కదల్లేదు, మే 25. అంతకు ఐదు నెలల ముందే స్టార్ వార్స్ వరుసలో ఇంకో సినిమా వచ్చి వెళ్లింది, నెల ముందు నుంచి ‘ఎవెంజర్స్’ ఆడుతోంది, వారం ముందు ‘డెడ్‌పూల్ 2’ దిగింది. ప్రపంచవ్యాప్తంగా వచ్చింది 39 కోట్లు. పై లెక్క ప్రకారం అది ఏమూలకూ సరిపోదు.

తేదీ ఒత్తిడి ఎక్కువగా పడేది గ్రాఫిక్స్ మీద. చివరి ఆరు నెలల్లో దర్శకుడు మార్పులు చెబుతూ ఉంటాడు, గ్రాఫిక్స్ కంపెనీలు పని పంచుకుని రాత్రీపగలూ చేస్తాయి, తొందర పనికి ధర ఎక్కువ, నాణ్యత తక్కువ. 2019 డిసెంబర్‌లో ‘క్యాట్స్’ విడుదలైనప్పుడు, ఒళ్లంతా పిల్లి వెంట్రుకలతో కనిపించాల్సిన నటి జూడి డెంచ్ చెయ్యి ఒక షాట్‌లో మామూలు మనిషి చెయ్యిలాగే, వేలికి ఉంగరంతో సహా తెర మీద కనపడింది. విడుదలయ్యాక గ్రాఫిక్స్ సరిచేసిన కొత్త ప్రింట్‌ను సంస్థ థియేటర్లకు పంపాల్సి వచ్చింది. దాదాపు 10 కోట్ల డాలర్లు పెట్టిన సినిమాకు ఇంకో రెండు వారాలు టైమ్ లేకపోయింది! ఆ చెయ్యిని సరిచేయలేని కళాకారులేం కాదు వాళ్లు. నెలల తరబడి నిద్రలేకుండా పనిచేసినవాళ్ల పనిని అందరూ కలిసి నవ్వుతుంటే బాధగానే ఉంటుంది, ఎందుకంటే తప్పు జరిగింది క్యాలెండర్ దగ్గర.

తేదీ మార్చుకున్నవాళ్లూ ఉన్నారు. ‘టైటానిక్’ 1997 జులైలో రావాలి, పని కాలేదు, డిసెంబర్‌కు జరిపారు. ఖర్చు 20 కోట్ల డాలర్లు, అప్పటికి ప్రపంచంలోనే అత్యంత ఖరీదైన సినిమా, మునిగిపోతుందని రాసినవాళ్లు చాలామంది. తర్వాత సంగతి తెలిసిందే, అమెరికాలో వరుసగా 15 వారాంతాలు అదే మొదటి స్థానంలో ఉంది. బడ్జెట్ దాటిన ప్రతి సినిమా పోతుందని కాదు. దాటిన డబ్బు తెర మీద ఉందా, పని పూర్తయ్యే దాకా ఆగారా అన్నదాన్ని బట్టి ఉంటుంది. ఆగడం కూడా ఊరికే రాదు, అప్పు తెచ్చి తీసే నిర్మాతకు ప్రతి నెలా వడ్డీ మీద పడుతుంది. సినిమా వాయిదా పడుతోందంటే బయటివాళ్లకు అది ఒక వార్త, నిర్మాతకు అది మీటర్ తిరుగుతున్న టెన్షన్.

సగంలో తేడా కొడుతోందని తెలిసినా ఎవరూ ఆపరెందుకు అనేది చాలామందికి వచ్చే సందేహం. సగం కట్టిన ఇల్లు అద్దెకు ఇవ్వలేం, సగం తీసిన సినిమా దానికంటే పనికిరాదు. 12 కోట్లు పెట్టేశాక ఆపేస్తే ఆ 12 కోట్లూ పోయినట్టే, ఇంకో 8 పెట్టి పూర్తిచేస్తే ఎంతో కొంత వస్తుంది కదా. ఆ క్షణంలో ఆ లెక్క నిజంగానే సరైనది కూడా. సమస్య ఏమిటంటే, ఆ 8 చివరికి 8 దగ్గర ఆగదు, 11 అవుతుంది, అప్పుడు ఇంకో 3 పెడదాం అనిపిస్తుంది. ప్రతి అడుగూ విడిగా చూస్తే తెలివైనదే, అన్నీ కలిపి చూస్తే గొయ్యి.

ఇంకో చిక్కు ప్రేక్షకుల సంఖ్యలో ఉంది. చిన్న సినిమా కొందరికి నచ్చినా బతుకుతుంది. 20 కోట్ల డాలర్ల సినిమా పిల్లలకూ పెద్దలకూ, అన్ని దేశాలవాళ్లకూ నచ్చి తీరాలి. అందుకని ఎవరికీ అభ్యంతరం లేకుండా చేస్తూ పోతారు, ఇక్కడో కోణం తగ్గించి, అక్కడో పాత్ర కలిపి, చివరికి ఎవరికీ ప్రత్యేకంగా ‘ఇది నా సినిమా’ అనిపించని వస్తువు తయారవుతుంది. ప్రచారం అప్పుడే తడబడుతుంది. 2012లో డిస్నీ తీసిన ‘జాన్ కార్టర్’ అంగారక గ్రహం మీద జరిగే కథ. టైటిల్‌లోంచి మార్స్ అన్న మాట తీసేశారు. మిగిలింది ఒక మనిషి పేరు, మూల కథ చదవనివాళ్లకు ఆ పేరు ఏమీ చెప్పదు. ట్రైలర్ చూసినా ఇది యుద్ధమా, ప్రేమా, అంతరిక్షమా అన్నది తేలదు. పైగా ఆ మూల కథ అచ్చై అప్పటికి వందేళ్లు, దాన్నుంచి స్ఫూర్తి పొందిన సినిమాలు ఎన్నో వచ్చేశాయి, అందుకే అసలుదే పాత సరుకులా కనపడింది. 25 కోట్ల డాలర్ల పైన పెడితే ప్రపంచమంతా 28 కోట్లు వచ్చింది. మార్చి 9న విడుదలైతే, పది రోజులకే, 19న, సుమారు 20 కోట్ల డాలర్ల నష్టం వస్తుందని డిస్నీయే ప్రకటించింది.

పది రోజులకే ఎలా తెలుస్తుంది అంటే, ఇప్పుడు సినిమా భవిష్యత్తు తేలేది ఆ కాస్త సమయంలోనే. వేల స్క్రీన్లలో ఒకేసారి దించుతారు, శుక్రవారం ఉదయం ఆటకే టాక్ ఫోన్లలోకి వచ్చేస్తుంది. ఒకప్పుడు టాక్ ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి వెళ్లేలోపు నిర్మాత నాలుగు వారాలు వసూలు చేసుకునేవాడు. ఇప్పుడు ఓపెనింగ్స్ బాగున్నా సోమవారం పడిపోతే అంతే, వచ్చే శుక్రవారానికి ఆ స్క్రీన్లు వేరే సినిమాకు వెళ్లిపోతాయి. నిదానంగా పుంజుకునే అవకాశం పెద్ద సినిమాకు దాదాపు లేదు.

కింద పడినా పట్టుకునే వల ఒకటి అప్పట్లో ఉండేది. 2000ల మధ్య వరకు డీవీడీల మీద వచ్చే డబ్బు చాలా ఎక్కువ, థియేటర్లలో పోయిన సినిమా కూడా ఏడాది తిరిగేసరికి గట్టెక్కేది. ఆ వల పోయింది. దాని స్థానంలో వచ్చిన స్ట్రీమింగ్ సంస్థలు హక్కులకు డబ్బు ఇస్తాయి, నిజమే, కానీ ప్రేక్షకుడికి ‘కొన్ని వారాలు ఆగితే ఇంట్లోనే చూడొచ్చు’ అన్న ధీమా కూడా ఇచ్చాయి. 2020కి ముందు అమెరికాలో థియేటర్‌కీ ఇంటికీ మధ్య సుమారు 90 రోజుల ఎడం ఉండేది. ఇప్పుడు చాలా సినిమాలకు అది సగానికి, కొన్నిటికి 17 రోజులకు వచ్చింది. ‘చూడాలి’ అనుకున్న సినిమాకు జనం ఇప్పటికీ పరుగెత్తుకు వస్తారు, ‘చూడొచ్చు’ అనుకున్నదానికి రారు. భారీ సినిమాల్లో రెండో రకమే ఎక్కువ కావడం అసలు దెబ్బ.

నష్టం ఎవరిదన్నది కూడా పోస్టర్ చెప్పదు. నిర్మాత విడుదలకు ముందే హక్కులు ఏరియాలవారీగా అమ్మేసుకుంటే, సినిమా పోయినప్పుడు మునిగేది కొనుక్కున్న బయ్యర్. అందుకే ‘నిర్మాత సేఫ్, బయ్యర్లు గల్లంతు’ అనే సినిమాలు ఉంటాయి. హీరో పారితోషికం ముందే అందుతుంది, దర్శకుడిది అందుతుంది, చివర్లో డబ్బు పెట్టి, చివర్లో డబ్బు చూసే చిన్న పంపిణీదారు మీదే బరువంతా పడుతుంది. లాభాల్లో వాటా తీసుకునే హీరోలు, దర్శకులు పెరిగితే బడ్జెట్లు వాటంతటవే దిగొస్తాయి, ఇది చాలా తేలిగ్గా చేయగలిగిన మార్పు. కాకపోతే ఆ వాటా లెక్క నిజాయితీగా ఉండాలి. 1988లో వచ్చిన ‘కమింగ్ టు అమెరికా’ ప్రపంచవ్యాప్తంగా 28 కోట్ల డాలర్లకు పైగా వసూలు చేసినా నికర లాభమే లేదని ఆ సినిమా తీసిన పారమౌంట్ సంస్థ చెప్పింది, ఆ కథకు ఆలోచన ఇచ్చిన రచయిత ఆర్ట్ బుక్‌వాల్డ్ కోర్టుకెళ్లి గెలిచాడు. కాగితం మీది నష్టం, నిజమైన నష్టం వేరువేరు అని అప్పుడు లోకానికంతా తెలిసింది.

నిజంగా నష్టపోయినవాటిలో మంచి సినిమాలున్నాయన్నది మర్చిపోకూడదు. 1939లో ఎంజీఎం తీసిన ‘ది విజార్డ్ ఆఫ్ ఓజ్’కు దాదాపు 28 లక్షల డాలర్లు అయ్యాయి, అప్పటికి అది చాలా పెద్ద ఖర్చు. మొదటి విడుదలలో సంస్థకు వచ్చింది 30 లక్షల దాకా. పంపిణీ, ప్రింట్లు, ప్రచారం కలుపుకుంటే దాదాపు 11 లక్షల నష్టం. ఇప్పుడు దాన్ని ఫ్లాప్ అని ఎవరైనా అంటే నమ్మరు. పదేళ్లకు, 1949లో మళ్లీ విడుదల చేశాకే అది లాభాల్లోకి వచ్చింది. ‘క్లియోపాత్రా’ అంతకంటే త్వరగా తేరుకుంది. 1966లో ఏబీసీ టీవీ 50 లక్షల డాలర్లు ఇచ్చి ప్రసార హక్కులు కొన్నాక ఫాక్స్ ఖాతా సరిపోయింది, విడుదలైన మూడేళ్లకు.